విత్తనానికి పనికొచ్చే గింజ

నా ఎడమ రొమ్ము మీద ఒట్టేసి చెప్తున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. అది వచ్చే గురువారం పొద్దుటి దాకే నా ఒంటి మీద ఉంటుంది కాబట్టి ఆ ఒట్టు కూడా అంతవరకే చెల్లుతుందని ఎవరైనా అనుకుంటే, పెన్నోబులం నరసింహస్వామి మీద రెండో ఒట్టు. మూడోది అడక్కండి. ఉరవకొండ చుట్టుపక్కల నన్ను ఎరిగినవాళ్ళు నా ఒట్టు వింటే ముందు నవ్వుతారు, తర్వాత కూర్చోవడానికి చోటు వెతుక్కుంటారు, ఎందుకంటే నేను ఒట్టేశానంటే మంచి కత రాబోతోందని వాళ్ళకు తెలుసు. యాభై రెండేళ్ళ మనిషిని, అంగన్‌వాడీలో పిల్లలకు కతలు చెప్పి అన్నం తింటున్నదాన్ని. అబద్ధం నాకు ఎంత అలవాటంటే, నిజం చెప్పాల్సి వస్తే గొంతు తడబడుతుంది. ఇప్పుడు తడబడుతోంది. కోపం వల్ల అనుకోండి.

అనంతపురంలో నేను చూపించుకునే ఆస్పత్రి గేటు బయట ఒక తోపుడుబండి ఉంది. పెద్ద మూకుడులో నల్లటి ఇసుక పోసి, అందులో బుడ్డలు వేసి గరిటెతో తిప్పుతుంటాడు బండాయన. వేరుశనక్కాయల్ని మావైపు బుడ్డలంటాం. ఆ రోజు లోపల డాక్టరమ్మ నా సూది పరీక్ష కాగితం ముందు పెట్టుకుని, ఇది క్యాన్సరేనని, ఆపరేషన్ చేసి తీసేయాలని, షుగరు దిగాలి కాబట్టి మూడు వారాలు ఆగాలని చెప్పి, చివరగా ఒక మాట అడిగింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా? అమ్మ, అక్కచెల్లెళ్ళు, పెద్దమ్మలు, మేనత్తలు?"

"లేదు మేడం," అన్నాను. "మా ఇంట్లో అందరూ బండరాళ్ళు."

ఆమె రాసుకుంది. నేను బయటికి వచ్చి, ఏం చేయాలో తోచక ఒక పొట్లం బుడ్డలు కొన్నాను. కాలిన ఇసుక వాసన, మాడిన తొక్క వాసన, ఆ రెండింటి అడుగున గింజలో ఇంకా మిగిలిన పాలవాసన ఒక్కసారిగా మీదికొచ్చాయి. కాయ ఒలవకముందే అలవాటు కొద్దీ బొటనవేలితో పైన నొక్కి, లోపల గింజ ఎట్లా ఉందో చూశాను. నలభై ఏళ్ళ పైబడి నా వేలిలో దాక్కున్న ఒక గింజ అప్పుడు తగిలింది. అది కాయలో తగిలిన గింజ కాదు. పొట్లం అక్కడే కింద పడేసి, మళ్ళీ లోపలికి పరుగెత్తి, "మేడం, రాసింది కొట్టేయండి" అన్నాను.

చిన్నప్పుడు మా ఊళ్ళో ఎండలు ముదిరి, ఎర్రనేల నెర్రెలు విచ్చి, మధ్యాహ్నానికి దుమ్ము లేచి ఎదురుగా ఉన్న కొండ కూడా మాయమయ్యే రోజుల్లో, మా నాయన అటక మీది విత్తనం బుడ్డల మూటలు దించి పడసాలలో కుప్ప పోసేవాడు. ఏరువాక పున్నమి నాటికి ఆ కుప్పంతా చేత్తోనే ఒలవాలి. గింజ పైపొర చిట్లకూడదు, గింజ ముక్కు విరగకూడదు, విరిగితే మొలక రాదు. వీధిలోని ఆడవాళ్ళు పదిమంది వచ్చి చుట్టూ కూర్చుని, కాయను నేలకేసి ఒక్క దెబ్బ కొట్టి, బొటనవేలితో మూతి నొక్కి, టప్పుమనిపించి గింజలు చాటలోకి, పొట్టు వెనక్కి విసిరేవాళ్ళు. నాలుగు రోజులకు అందరి బొటనవేళ్ళకీ గుడ్డపీలికలు. వెనక లేచిన పొట్టు గుట్టలో మేం పిల్లలం పొర్లేవాళ్ళం, కాయ మూతి కొంచెం తెరిచి చెవితమ్మెకు కరిపించి కమ్మలు పెట్టుకున్నామని తిరిగేవాళ్ళం. మధ్యాహ్నం సద్దరొట్టె, బుడ్డల కారెం, కుండలో చల్లటి మజ్జిగ. పని ముగిసిన రోజు మా అవ్వ విరిగిన గింజలన్నీ ఏరి వేయించి, బెల్లం పాకంలో ఉండలు కట్టేది. మంచి గింజ భూమికి, విరిగింది మనుషులకు. ఆ పద్ధతి మాకు ఎంత సహజంగా ఉండేదంటే, దాని అర్థం ఏమిటో తెలియడానికి నాకు క్యాన్సర్ రావాల్సి వచ్చింది.

అవ్వ అంటే మా నాయన తల్లి. కుప్ప దగ్గర కూర్చున్న పిల్లల నోరు ఊరికే ఉంటే గింజలు అందులోకి పోతాయని ఆమె గట్టి నమ్మకం. అందుకని పిల్లల్లో ఎవరో ఒకరు ఎప్పుడూ మాట్లాడుతూ ఉండాలని చట్టం చేసింది. నోరు ఆగితే ఆమె ఒళ్ళోని చింతబరిక లేచేది. మిగతావాళ్ళు ఎక్కాలు అప్పజెప్పి, పాటలు పాడి కాసేపటికే అలిసిపోయేవాళ్ళు. నేను అలిసేదాన్ని కాదు.

"ఏమే వాగుడుకాయా, నోరాగింది? లోపల ఎన్ని గింజలుండాయి?" అనేది అవ్వ.

"ఒక్కటీ లేదవ్వా. కత మలుపు తిరుగుతాంది."

అట్లా నేను కతలదాన్ని అయ్యాను. కరువు ఏడాది మా అటక మీది ఎలుకలు బుడ్డ ఒలిచి, లోపల గింజ ముడుచుకుపోయి ఉండటం చూసి, పాపమనిపించి మళ్ళీ మూతి మూసి పెట్టి పోయాయని చెప్పాను. ఆషాఢం గాలికి మా నల్లకోడి గూట్లోనే కూర్చుని ఉంటే, అది పెట్టిన గుడ్డు మాత్రం ఎగిరిపోయి పక్కూళ్ళో పొదిగిందని చెప్పాను. ఆడవాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు, నవ్వుతూనే రెట్టింపు ఒలిచేవాళ్ళు. నాకు ఇంకో విద్య కూడా ఉండేది. కళ్ళు మూసుకుని తొక్క మీద బొటనవేలు పెట్టి, లోపల ఉన్నది ఒకటా రెండా మూడా, గట్టిదా పుచ్చా చెప్పేదాన్ని. పందెం కాసినవాళ్ళందరూ ఓడిపోయేవాళ్ళు.

నా కతలకు అందరికన్నా పెద్ద అభిమాని సుంకత్త. మా నాయన చెల్లెలు. మామ చనిపోయాక పుట్టింటికి వచ్చి మాతోనే ఉండేది. రెండు చేతులతో రెండు కాయలు ఒకేసారి ఒలిచేది. కత అయిపోయినా ఒప్పుకోకుండా "ఆమైన?" అని, అంటే తర్వాతేమైందని, అడిగేది, దానికోసమే నేను ఇంకో అబద్ధం పుట్టించేదాన్ని. నవ్విందంటే ఒళ్ళంతా ఊగేది, ముందున్న చాట కూడా ఊగేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక మధ్యాహ్నం ఆడవాళ్ళందరూ నీళ్ళు తాగడానికి పెరట్లోకి పోయినప్పుడు, సుంకత్త నన్ను పిలిచింది.

"పారీ, ఈడికి రా. కండ్లు మూసుకో. నీ విద్య చూపీ."

మూసుకున్నాను. నా బొటనవేలు పట్టుకుని కొంగు కిందికి తీసుకుపోయి, చంకకు దగ్గరగా, రొమ్ము పక్కన పెట్టింది.

"ఇది యా గింజో చెప్పు."

వేలు అటూ ఇటూ జరిపి చూశాను. మెత్తటి ఒంటిలో గట్టిగా, కదలకుండా ఉంది. "గట్టి గింజత్తా," అన్నాను గొప్పగా. "రెండు కలిసిపోయిండాయి. విత్తనానికి పనికొస్తాది."

అత్త నవ్వింది, ఎప్పటిలాగే ఒళ్ళంతా ఊగేటట్టు. "పనికొస్తాదంటావా? సరేలే. ఎవురికీ చెప్పగాకు."

చెప్పలేదు. కడుపులో మాట నిలవని పిల్లని నేను. పుట్టి బుద్ధెరిగాక నేను దాచిన రహస్యం అదొక్కటే, దాన్నే దాచకుండా ఉండాల్సింది.

మరుసటి ఎండాకాలం కుప్ప పోసేసరికి అత్త గోడవారకు జరిగి కూర్చుంది. ఎడమచేయి వాచి రవికెలో పట్టక, కుట్లు విప్పుకుంది. ఒంటి చేత్తో ఒలిచేది. ఆమె దగ్గర పసుపు, వేపాకు, వాటి కింద ఇంకేదో వాసన. అవ్వ రోజూ పడసాలలో సాంబ్రాణి వేసేది. అప్పటికి నాయనకు కళ్ళు తెరుచుకున్నాయి. బళ్ళారి పెద్దాస్పత్రికి తీసుకుపోదామని, ఒక తెల్లవారి ఎద్దులబండి కట్టి, గడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసి అత్తను కూర్చోబెట్టాడు. బండి వాకిలి దాటలేదు. వాన మొదలైంది.

మా వైపు వాన కోసం ఎంతగా కాచుకుంటారో వేరే ప్రాంతం వాళ్ళకు చెప్పినా అర్థం కాదు. రెండేళ్ళుగా పదును వాన లేదు. ఆ రోజు నేల నాలుగు వేళ్ళ లోతు తడిసింది. ఆ తడి ఆరిపోయేలోపు విత్తనం పడాలి, పడకపోతే ఆ ఏడు పంట లేదు. ఉన్నది ఒక్క జత ఎద్దులు. నాయన వాటిని బండి నుంచి విప్పి, విత్తే గొర్రుకు కట్టాడు. అత్త తనంతట తానే దిగి, "విత్తనం పడినాక పోదాంలేన్నా" అనిందట. ఆ మాట ఇంట్లో వాళ్ళు ఇప్పటికీ అత్త మంచితనానికి గుర్తుగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అది వినబడితే ఒళ్ళు మండుతుంది. దిగుతుంటే చేయి అడ్డం పెట్టినవాళ్ళు ఒక్కరూ లేరా? మా చేను అయ్యాక, మాకు బదులు పనికి వచ్చినవాళ్ళ చేను. అదయ్యాక ఏరువాక పండగ, ఎద్దుల కొమ్ములకు రంగులు, ముందు ఎద్దులకు బెల్లం ఓళిగలు, తర్వాత మాకు. అత్త కూడా ఒక ఓళిగ తినింది. ఇరవై రోజుల తర్వాత బండి మళ్ళీ కట్టారు. ఆ ఏడు కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది, పశువులకు మేత తప్ప చేనులో ఏమీ మిగల్లేదు. అది కూడా రాసుకోండి.

నాయన బళ్ళారి నుంచి ఒక్కడే తిరిగొచ్చాడు. "అత్త ఆడనే ఉండాది," అని మాకు చెప్పాడు, అంతే. నాకు చెప్పకుండా అత్త ఎట్లా పోతుంది? నా బుర్ర ఊరుకోలేదు. తర్వాతి ఎండాకాలం కుప్ప దగ్గర, సుడిగాలి వచ్చి సుంకత్తను చాటతో సహా ఎత్తుకుపోయిందని, హగరి ఏటి మీదుగా ఎగిరి బళ్ళారి కోట మీద దించిందని, చాటలోని గింజలు ఒక్కటి కూడా ఒలికిపోలేదని, అక్కడ కన్నడం నేర్చుకుని బొరుగుల అంగడి పెట్టిందని చెప్పాను. ఆడవాళ్ళు నవ్వి, నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నవ్వొచ్చి తుడుచుకుంటున్నారనుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఏడూ అవ్వే అడిగేది, "ఆ సుడిగాలి కత చెప్పు పాపా" అని. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి సుంకమ్మ ఏమైందని అడిగితే, అమ్మ నన్ను ముందుకు తోసేది. "మా పారి చెప్తాది వినండి." నా కత బాగుందని కాబోలు అని మురిసిపోయాను. పెద్దవాళ్ళందరూ కలిసి ఒక పిల్ల అబద్ధాన్ని తీసుకుని చచ్చిపోయిన మనిషి మీద కప్పారు. ఆమె జ్వరంతో పోయిందని నాకు పెళ్ళి ఈడు వచ్చాక చెప్పారు. నేను నమ్మాను. సుడిగాలి కతను మాత్రం ఆపలేదు, అంగన్‌వాడీ పిల్లలకు కూడా చెప్పాను. చెప్పీ చెప్పీ, వేలికి తగిలిన గింజను నేనే మర్చిపోయాను.

పోయిన దీపావళికి తలంటుకునేటప్పుడు నా గడ్డ నాకే దొరికింది. నొప్పి లేదు కదా అనుకున్నాను. పిల్లల బరువులు తూచే వారం, తర్వాత ఇంకేదో సర్వే, తర్వాత మా ఆఫీసరమ్మ తనిఖీ. నాలుగు నెలలు. నాయన ఎద్దుల్ని విప్పితే తప్పు, నేను నా ఎద్దుల్ని విప్పుకుంటే బాధ్యతా? నా మీద కూడా అంతే కోపం ఉంది, పక్కన పెట్టడం లేదు.

ఊళ్ళో తెలిసిన దగ్గర్నుంచి పరామర్శలు. మా పక్కింటామె అరటిపండ్లతో వచ్చి చెవిలో ఊదింది.

"ఏమక్కా, ఆ జబ్బంట?"

"యా జబ్బు?"

"అదేక్కా... ఆడ."

"యాడ?"

"అయ్యో, ఆడనేక్కా."

"రొమ్ములో. నోరు తెరిచి రొమ్ము అను. నువ్వు గూడా అది తాగే ఇంత లావైనావు గదా?"

ఆమె పండ్లు అక్కడే పెట్టి పోయింది. పండ్లు బాగున్నాయి గానీ షుగరు వల్ల తినలేదు, ఆ కోపం ఒకటి.

డాక్టరమ్మ నా రెండో జవాబు విని కుర్చీ ముందుకు జరిపింది. మేనత్తకు వచ్చింది నిజమైతే ఇంకో రక్తపరీక్ష చేయాలని, ముఖ్యంగా మీ చెల్లెలు వెంటనే చూపించుకోవాలని, ఇంట్లో గట్టిగా కనుక్కుని రమ్మని చెప్పింది. నా చెల్లెలు సరోజ నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నది, ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో పనిచేస్తుంది. ఫోన్ చేసి అంతా చెప్పాను.

"అక్కా, నీ కతలు చాలు," అంది. "సుంకత్తను సుడిగాలి ఎత్తకపోయిందని నన్ను పదేళ్ళ దాకా నమ్మించినావు. నేను బళ్ళారి పోయినప్పుడు బొరుగుల అంగళ్ళన్నీ తిరిగినా తెలుసునా? ఇప్పుడు క్యాన్సరంటాండావు. నీకు భయమైతాంది, తోడుకు నన్ను గూడా లాగుతాండావు. నాకేం లేదు, నేను బాగుండా."

"ఒట్టే సరోజా."

"ఒట్లు గూడా చూసినాం లే," అని పెట్టేసింది.

యాభై ఏళ్ళ అబద్ధాలకు అప్పుడు పడింది నాకు శిక్ష. సరోజ నమ్మే మనిషి ఒక్కతే మిగిలి ఉంది. మా అమ్మ. డెబ్బై ఆరేళ్ళు, నా దగ్గరే ఉంటుంది. నా జబ్బు తెలిసిన రోజు నుంచి రోజూ నా కాళ్ళకు నూనె రాస్తోంది. అడిగితే లేచి పోతుంది. అందుకని సంతలో మూడు కిలోల పచ్చి బుడ్డలు కొనుక్కొచ్చి, మధ్యాహ్నం ఆమె ముందు నేల మీద పోశాను. ఆ కుప్ప చూడగానే ఆమె చేతులు వాటంతటవే పోయాయి. టప్, టప్. నేనూ ఎదురుగా కూర్చున్నాను.

"అవ్వ చట్టం గుర్తుండాదా? నోరు ఊరికే ఉండకూడదు. ఈ పొద్దు నేను చెప్పను. నువ్వు చెప్పు. సుంకత్తకు ఏమైంది?"

అమ్మ ఒక గింజ తీసి నోట్లో వేసుకుంది. ఇంకొకటి వేసుకుంది. పళ్ళు సరిగ్గా లేని నోరు, నమలలేక బుగ్గన పెట్టుకుంది. మాట్లాడకుండా ఉండటానికి డెబ్బై ఆరేళ్ళ ముసలామె గింజలు బుక్కుతోంది. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. అవ్వ గొంతుతో అరిచాను.

"నోట్లో ఏముండాది? ఊయ్!"

అమ్మ ఉలిక్కిపడి అరచేతిలోకి ఊసింది. ఆ గింజల్ని చూస్తూనే మాట్లాడింది.

"గింజంత ఉన్నప్పుడే నాకు చూపించినాది. మీ అవ్వకు చెప్పినా. ఊరంతా మన ఇంటి విత్తనమే అడిగి తీసకపోతారు, ఆ బిడ్డ ఒలిచిన గింజలని తెలిస్తే ఎవురు ముట్టుకుంటారు, నోరు మూసుకోమనింది. మూసుకున్నా. బళ్ళారి డాక్టరు, పోయినేడే తెచ్చింటే బతికిచ్చింటి అన్యాడంట. మీ నాయన ఆ మాట నాకు చెప్పి, మల్లా ఆమె పేరు ఎత్తల్యా."

"విత్తనం కోసమా?" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే వీధిలో పోయేవాళ్ళు ఆగారు. "ఒక మనిషి ప్రాణమమ్మా! మీకు ఇంటి ఆడబిడ్డ కన్నా ఆ ముష్టి గింజలు..."

"గట్టిగానే అరువు," అంది అమ్మ. "బాగా అరువు. మేం ఒక్కరన్నా అరిచింటే బాగుండు."

ఫోన్ కలిపి ఆమె చేతిలో పెట్టాను. "సరోజా, మీ అక్క ఈతూరి అబద్ధం చెప్పల్యా. సుంకమ్మది గూడా ఇదే. పోయి చూపించుకో. చూపించుకునేదాకా నాకు ఫోన్ చెయ్యగాకు," అని తనే పెట్టేసింది. మరుసటి రోజు సరోజ మొదటి బస్సుకు అనంతపురం వచ్చింది. గేటు దగ్గర నన్ను చూసి, నా చేతిలోని సంచి లాక్కుంది. పరీక్ష చేశారు. ఆమె కాగితం బుధవారం వస్తుంది. నా ఆపరేషన్ గురువారం.

మా పడసాల ఇప్పుడు లేదు. విత్తనం ఒలిచే యంత్రం ట్రాక్టరు మీద ఇంటి ముందుకే వచ్చి, గంటలో మూటలన్నీ ఒలిచి పోతోంది. దాని పక్కన కూర్చుని కత చెప్పినా వినబడదు. ఒలవడానికి కూడా ఎన్ని మూటలున్నాయని? మా చేను ఉన్న చోట ఇప్పుడు సూర్యుడికి అద్దాలు పరిచినట్టు సోలార్ పలకలు, వాటి కింద గొర్రెలు. చింతబరిక పట్టుకున్న అవ్వ లేదు, గొర్రు లేదు, పొట్టులో పొర్లే పిల్లలు లేరు. "ఆడ" అని గుసగుసలాడే నోళ్ళు మాత్రం ఉన్నాయి. ఆ నోళ్ళ కోసమే ఇది రాస్తున్నాను, పేరు పెట్టి, ఎడమదో కుడిదో కూడా చెప్పి.

ఇక ఒప్పుకోవాల్సింది ఒకటి ఉంది. ఎలుకల సంగతి మీరు నమ్మకపోయినా నిజం, మా అటక మీద నేను చూశాను. ఎద్దుల్ని విప్పింది నిజం, అమ్మ ఊసింది నిజం. ఒక్క చోట అబద్ధం రాశాను, అది రాయకుండా ముందుకు పోలేక రాశాను. ఆ మధ్యాహ్నం సుంకత్త నవ్విందన్నాను. నవ్వలేదు. పెరట్లో ఆడవాళ్ళు నీళ్ళు తాగి తిరిగి వచ్చే చప్పుడయ్యేదాకా నా వేలు వదల్లేదు.

"ఇంగొకసారి చూసి చెప్పు పారీ," అనింది.

రెండోసారి కూడా అదే చెప్పాను.